సర్వప్పపై వేలి గుర్తులు

దసరా సెలవులకు మా మనుమరాలు హైదరాబాదు నుండి గొల్లపల్లికి వచ్చినది. దానికి ఆరేండ్లు. వచ్చిన మరునాటి ఉదయమున మా యిల్లాలు వంటయింట బియ్యప్పిండి కలుపుచుండగా ఆ పిల్ల గడప కీవల నిలువబడి, చేతులు వెనుకకు కట్టుకొని చూచుచుండెను. "రా బిడ్డా, పొక్కలు పెడుదువు గాని" అని నానమ్మ పిలిచినది. పిల్ల కదలలేదు. "చేతులు ఖరాబైతయి. ఖరాబు చేసుకోవద్దని చెప్పిన్రు" అనెను. ఎవరు చెప్పిరని మేమడుగలేదు. నేనడుగకపోవుటకు వేరొక కారణము కలదు. ముప్పదియేండ్ల ఉపాధ్యాయ వృత్తిలో ఆ మాటను పిల్లలతో నేనును అనేకమారులు చెప్పియుంటిని.

ఉపాధ్యాయ మిత్రులకు సర్వప్పను గూర్చి చెప్పబూనుట కొంత హాస్యాస్పదముగా తోపవచ్చును. గొల్లపల్లిలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని దాని నెరుగని యిల్లు ఉండదు. సర్వ యను పాత్ర లోపలి గోడలకు పిండి నొత్తి కాల్చుదురు గనుక సర్వప్ప, సర్వపిండి యను పేర్లు వచ్చినవి. గిన్నెలో చేయువారు గిన్నెప్ప యందురు. మరికొన్ని తావుల తపాల చెక్క యందురు. పేరేదైనను అది నూనెలో మునిగి వేగినది కాదు, ఆవిరిపై ఉడికినదియు కాదు. మూత పెట్టిన పాత్రలో, సన్నని సెగపై, చుట్టును వేడి తగిలి కాలినది. ఓవెను లేని మన యిండ్లలో సర్వయే ఓవెను. పాశ్చాత్య గృహములలో తల్లులు పిల్లలను ప్రక్కన నిలుపుకొని రొట్టెలును బిస్కట్లును కాల్చుదురని చదివి, మన కా భాగ్యము లేదే యని చింతించినవారిని నేను చూచితిని. పొయ్యిమీది సర్వ వారి కంట బడకపోవుట వింత.

ఇందు పిల్లలకు దొరకు పని మిక్కిలి. వేచిన పల్లీల పొట్టూదుట, కరివేపాకు దూయుట, నానిన శనగపప్పును గుప్పిటితో తీసి పిండిలో వేయుట మూడు నాలుగేండ్ల పసివారికి చేతనగును. నువ్వులు, ఉల్లాకు, ఉప్పు, కారము చేరిన పిదప వేడినీరు పోసి కలుపుట పెద్దల పని. ముద్ద చేతికి తాళునంతగా చల్లారినచో మరల పిల్లలదే. మా మనుమరాలు తుదకు గడప దాటి లోపలికి వచ్చి ముద్దను సాగదీయబోయినది. అది సాగలేదు, పగిలినది. "చపాతి పిండి గిట్ల పగలదు కదా!" అని యాశ్చర్యపడెను.

మంచి ప్రశ్నయే. గోధుమపిండిని నీటితో పిసికినపుడు గ్లూటెనను మాంసకృత్తు వలవలె అల్లుకొని సాగును. బియ్యమున నది లేదు. అందుచేతనే వేడినీరు పోయుదురు. వేడికి బియ్యములోని పిండిపదార్థము ఉబ్బి కొంత జిగురునిచ్చును. ఆ జిగురు ఒత్తుటకు చాలును, సాగదీయుటకు చాలదు. ఇదంతయు నేను పిల్లకు చెప్పలేదు. అది పగులును చూచినది, వేళ్ళు తడిచేసికొని అద్దినది, పగులు అతికినది. గ్లూటెను పేరు తెలిసికొనుటకు దానికి ఇంకను చాల కాలమున్నది.

తరువాత నూనె రాచిన సర్వలో ముద్దను పలుచగా నొత్తి పొక్కలు పెట్టవలెను. పిల్లలు కాచుకొనియుండు ఘట్టమిదియే.

"ఎందుకు నానమ్మా ఇన్ని పొక్కలు?"

"నూనె దిగాలె బిడ్డా. లేకుంటే నడుమ పచ్చిగుంటది."

పొక్కల గుండ నూనె అడుగునకు జారి పాత్రకును పిండికిని నడుమ పొరయగును. పిండిలోని తేమ ఆవిరియై ఆ దారినే పైకి పోవును. మా యిల్లాలు ఏ విజ్ఞానగ్రంథమును చదివినది కాదు. రెండు ముక్కలలో చెప్పి తన పనిలో తానుండెను. నేనైనచో ఒక గంట ఉపన్యసించియుందును.

పొయ్యి వెలిగిన పిదప సర్వ పెద్దలది. ఈ నియమమునకు మా యింట మినహాయింపు లేదు. పిల్ల దూరముగా పీటపై కూర్చుండి వాసన పట్టవలెను. అంచు ఎర్రబడి పాత్ర గోడను విడిచినచో కాలినట్లు. రెండవది యొత్తుటకు ముందు సర్వ పూర్తిగా చల్లారవలెను. వేడిపాత్రలో ఒత్తబోయినచో వేళ్ళు కాలును. అందుకై సర్వను బోర్లించి నీళ్ళు చల్లుదురు. ఈ నిరీక్షణము పసివారికి మిక్కిలి కష్టము, కాని తప్పదు. పిల్లకు కోపము వచ్చినంతమాత్రమున ఇత్తడి త్వరగా చల్లారదు.

మొదటి సర్వప్ప ఒకవైపు మందముగను, ఒకవైపు పలుచగను వచ్చినది. పలుచని చోట మాడెను, మందపు చోట పచ్చిగా నిలిచెను. ఆ పచ్చిభాగము నా పళ్ళెములో పడినది. బాగున్నదంటిని. "అబద్ధం" అనెను మనుమరాలు. రెండవది యొత్తునపుడు ఆ పిల్ల పాత్ర చుట్టును అరచేతితో తడిమి, ఎత్తైన చోట్ల నదుముకొనుచు వచ్చెను. ఎవరును చెప్పలేదు. మాడినదియు పచ్చిదియు నోట తగిలిన పిదప చెప్పవలసిన దేమున్నది?

జర్మనీ దేశీయుడగు ఫ్రోబెలు 1840లో తన శిశువిద్యాలయమునకు కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టెను. కాగితము మడచుట, అల్లుట, మట్టితో బొమ్మలు చేయుట మున్నగు చేతిపనులను అతడు శిశువిద్యలో భాగము చేసెను. 1844లో తల్లుల కొరకు వెలువరించిన పాటల గ్రంథములో, పసిబిడ్డ చేతులు తట్టుచు రొట్టె చేయునట్లు అభినయించు ఆట యొకటి కలదు. రొట్టె వెనుక కాల్చువాడును, అతని వెనుక పిండి విసరువాడును, ఆ వెనుక రైతును ఉన్నారని ఆ యాట మూలమున బిడ్డ మనసునకు తోపవలెనని ఫ్రోబెలు ఆశించెను. పిదప ఏమైనది? అతని ఆటవస్తువులను 19వ శతాబ్దములోనే అమెరికాలోని మిల్టన్ బ్రాడ్లీ వంటి సంస్థలు పెట్టెలలో నమర్చి అమ్మజొచ్చినవి. మన దేశమునను 2023 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము మూడు నుండి ఎనిమిదేండ్ల పిల్లల కొరకు 'జాదూయీ పిటారా' యను పెట్టెను ప్రవేశపెట్టినది. అందు బొమ్మలు, పజిళ్ళు, చిత్రపటములు కలవు. మంచిదే, కాదనను. కాని పెట్టెను తెరచుట వేరు, ముద్ద పగిలినపుడు దారి వెదకుకొనుట వేరు.

పెట్టెల మాట వచ్చినది గనుక మా యింటి సంగతియు చెప్పెదను. ఈ యేడు మా మనుమరాలిని బడివారు పల్లె యింటి నమూనా చేసి తెమ్మనిరట. తండ్రి దుకాణమునకు పోయి థర్మకోలుతో సిద్ధముగా చేసియున్న యింటిని కొనితెచ్చెను. పిల్లకు మంచి మార్కులు వచ్చినవి. తండ్రిని నేను నిందింపను. ఉద్యోగము ముగిసి అతడు ఇల్లు చేరుసరికే రాత్రి తొమ్మిదయినదట. నిందింపవలసినవాడు వేరొకడు కలడు.

1990 ప్రాంతమున నేను రెండవ తరగతికి పాఠము చెప్పుచుంటిని. ఒకనాడు ఒక బాలుడు జొన్నబెండుతో చేసిన ఎడ్లబండిని బడికి తెచ్చి, పలక మాటున దాచి ప్రక్కవానికి చూపుచుండెను. "ఇది ఆడుకునే జాగ కాదు, పలక తియ్యి" అని గద్దించి బండిని గోడవారగా పెట్టించితిని. సాయంకాలము తలుపు మూయబోవుసరికి అది ఎవరి కాలి క్రిందనో పడి నలిగియుండెను. చేతికి తీసికొని అప్పుడు చూచితిని. చక్రములను రాతిపై అరగదీసి గుండ్రము చేసినాడు. చీపురు పుల్లను ఇరుసుగా దూర్చినాడు. చక్రము తిరిగి ఇరుసు నిలుచునట్లు రంధ్రమును వదులు చేసినాడు. మరునాడు ఆకారముల పాఠము. నల్లబల్లపై సుద్దతో గీచి 'ఇది గుండ్రము' అని తరగతి చేత ఇరువదిమారులు చెప్పించితిని. ఆ బాలుడును అందరితో పాటు చెప్పెను. ఆ యేడు వాడు మరల ఏ వస్తువును బడికి తేలేదు.

జొన్నదంటు ఈ పనికి పుట్టినదా యనిపించును. లోపలి బెండు గోరుతో నొక్కినను దిగునంత మెత్తన. పైపొర చీల్చినచో గట్టి పుల్ల. బెండును ముక్కలుగా కోసి, ఆ పుల్లలనే మేకులవలె గ్రుచ్చినచో జిగురు లేకయే బండి, మంచము, కళ్ళజోడు ఏదైనను నిలుచును. ఒక్క జాగ్రత్త వలయును. ఆ పైపొర అంచు కత్తివలె కోయును. చీల్చుట పెద్దలు చేయవలెను, గ్రుచ్చుట పిల్లలు చేయవలెను.

ఇప్పుడు మా ప్రాంతమున జొన్నచేను అరుదు. 1963 జులై 26న పోచంపాడు వద్ద నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము పూర్తియై కాలువనీరు వచ్చిన పిదప వరియు, పసుపును, మక్కయు పొలములను నింపినవి. నీరు వచ్చినందుకు విచారించు మూర్ఖుడను కాను. జొన్నబెండు పోయినచో మక్కదంటు ఉన్నది. దానిలోని బెండు కొంచెము వదులు గాని, ఎండిన పిదప బండికి చాలును. దొరకిన వస్తువుతో పని జరుపుకొనుట ముఖ్యము. 1972లో మధ్యప్రదేశమున ఆరంభమైన హోషంగాబాదు విజ్ఞానబోధన కార్యక్రమమున పనిచేసిన అరవింద గుప్తా, అగ్గిపుల్లలను సైకిలు వాల్వు గొట్టపు ముక్కలతో కలిపి త్రిభుజములను, ఘనములను పిల్లల చేత చేయించెను. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చినది. జొన్నబెండు బాలుని పద్ధతియు ఇంచుమించుగా నదియే గదా!

మన పెద్దలు ఇట్టి పనులను పండుగలలోనే యిమిడ్చిరి. బతుకమ్మకు ముందు భాద్రపద బహుళపక్షమున ఆడపిల్లలు బొడ్డెమ్మను చేయుదురు. పుట్టమన్ను తెచ్చి పీటపై చతురస్రముగా అంతస్తులు పేర్చి, అలికి, పూలు పెట్టుదురు. పుట్టమన్నే యేల? చెదలు సన్నని మట్టిరేణువులను లాలాజలముతో అంటించి పుట్టను కట్టును. అందుచేత ఆ మన్ను మెత్తనై, గట్టిగా పట్టుకొనును. బతుకమ్మకు చేయు మలీదలో రొట్టెను కాల్చుట తల్లిది, నలిపి బెల్లముతో ముద్ద కట్టుట పిల్లలది. సంక్రాంతి సకినాలు మాత్రము పసివారికి తేలికగా లొంగవు. పిండిని వేళ్ళ నడుమ మెలివేయుచు గుడ్డపై వలయములు చుట్టుట పెద్దలకే యేండ్లు పట్టును. పిల్లలు చుట్టిన వంకర సకినమును పారవేయక నూనెలో వేయు తల్లి యున్నచో చాలును.

కోరుట్ల ఒకప్పుడు చేతికాగితమునకు పేరుపడిన ఊరు. పట్వారీలు లెక్కలు వ్రాసికొనిన కాగితమది. ఆ పరిశ్రమ పోయినను, కాగితమును నానబెట్టి మరల వస్తువుగా మార్చు విద్య ఇండ్లలో చాలకాలము నిలిచెను. పాత నోటుపుస్తకములను చింపి రెండు మూడు దినములు నానవేసి, నానిన మెంతులతో కలిపి రుబ్బి, బోర్లించిన కుండపై మెత్తి యెండబెట్టినచో బుట్ట యగును. మెంతుల జిగటయే దానికి బంక. వార్షిక పరీక్షలు ముగిసిన మే నెలలో ఏ యింట చూచినను కాగితములకు కొదువ లేదు, ఎండకును కొదువ లేదు. చింపుట పిల్లలకు చెప్పవలసిన విద్య కాదు.

1937 అక్టోబరులో వార్ధా సభయందు గాంధీజీ చేతిపనినే విద్యకు కేంద్రముగా నుంచవలెనని ప్రతిపాదింపగా, జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి పాఠ్యప్రణాళికను కూర్చినది. నా బాల్యమున మా బడిలోను చేతిపనుల గంట యుండెను. తకిలీతో దారము వడికితిమి. ఆ దార మెక్కడికి పోయినదో, ఎవరు కట్టిరో మాకెవరును చెప్పలేదు. మార్కులు వేసి బీరువాలో పెట్టిరి. ఆశయమునందు దోషము లేదు. మా దారము బట్ట కాలేదు, అంతియే. మా మనుమరాలు ఒత్తిన సర్వప్పను ఆనాడు నలుగురము తింటిమి. ప్రక్కింటికి రెండు ముక్కలు పంపితిమి. ఆ పిల్ల తానే పళ్ళెము పట్టుకొనిపోయి "పొక్కలు నేనే పెట్టిన" అని చెప్పివచ్చెను.

భోజనమైన పిదప నేను దొడ్డివైపు నుండి ఎండిన మక్కదంటు లేరితెచ్చి, పైపొర చీల్చి యిచ్చితిని. బండి యెట్లుండునో నాకు జ్ఞాపకమే. ముప్పదియేండ్లకు పైగా మరువలేదు. పిల్ల బెండును కోసి చక్రములు పెట్టినది. బండి రెండడుగులు పోయి ఎడమకు తిరిగి బోల్తాపడెను. నేను సరిచేయుటకు చేయి చాపితిని. పిల్ల చేయి అడ్డుపెట్టినది. చక్రము నూడదీసి, అరుగు రాతిపై అరగదీయుచు, మధ్యమధ్య కంటి యెదుట పట్టి చూచుకొనుచు కూర్చున్నది. సాయంకాలమునకు మిగిలిన పిండిని వాడవలెనని లోపల సర్వ తోమిన చప్పుడయినది.

"బిడ్డా, సర్వ సల్లగైంది. పొక్కలు పెట్టవా?"

"ఆగు నానమ్మా, టైరు ఇంక గుండ్రంగ కాలే."