చిన్న విమానం, పెద్ద కొండ, పల్చని గాలి

బహ్రెయిన్‌లోని జల్లాఖ్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ దేశంలో అన్నిటికంటే ఎత్తైన జబల్ అద్ దుఖాన్ గుట్ట 150 మీటర్లు కూడా ఉండదు. మన తిరుమల కొండ అంతకు ఎన్నో రెట్లు ఎత్తు. ఇలాంటి చోట కూర్చుని ఎత్తైన కొండల మీద విమానాలు నడపడం గురించి మాట్లాడటం ఏమిటని మీకు అనిపించవచ్చు. కానీ ఎవరెస్టుకు చిన్న విమానంలో బయలుదేరిన ఒక మనిషి ఈ ద్వీపం మీదుగానే వెళ్ళాడు.

ఆయన పేరు మారిస్ విల్సన్. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ వాడు, మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన సైనికుడు. విమానాన్ని ఎవరెస్టు వాలు మీద ఎలాగో దింపేసి, అక్కడినుంచి ఒంటరిగా శిఖరం ఎక్కాలని ఆయన పథకం. కొండలెక్కిన అనుభవం లేదు. విమానం నడపడం కూడా అందుకోసమే కొత్తగా నేర్చుకున్నాడు. ఒక పాత జిప్సీ మాత్ విమానం కొని 1933 మేలో లండన్ నుంచి బయలుదేరాడు.

బహ్రెయిన్ చేరేసరికి ఇక్కడి బ్రిటిష్ అధికారులు పెట్రోలు ఇవ్వమన్నారు. వెనక్కి వెళ్ళిపోతానంటేనే ఇస్తామన్నారు. ఆయన సరేనని ట్యాంకులు నింపించుకుని, గాలిలోకి లేచాక తూర్పుకు తిప్పాడు. తొమ్మిది గంటలకు పైగా ఎగిరి గ్వాదర్‌లో దిగాడు. చివరికి బీహార్‌లోని పూర్ణియా దగ్గర ప్రభుత్వం ఆ విమానాన్ని స్వాధీనం చేసుకుంది. 1934లో మారువేషంలో టిబెట్ మీదుగా నడిచి వెళ్ళి, ఎవరెస్టు మీదే ప్రాణాలు విడిచాడు.

విమానం ఆయన చేతిలోనే ఉంటే ఏమయ్యేది? జిప్సీ మాత్ ఎగరగలిగే ఎత్తు సుమారు 14,500 అడుగులు. ఎవరెస్టు 29,000 అడుగుల పైమాట. ఒకవేళ ఇంజిన్ పైకి లాగినా, లోపల కూర్చున్న మనిషి ఎంతసేపు మనిషిలా ఉండగలడన్నది అసలు ప్రశ్న.

జవాబు అదే పూర్ణియాలో దొరుకుతుంది. విల్సన్ రావడానికి రెండు నెలల ముందు, 1933 ఏప్రిల్ 3న, హౌస్టన్ యాత్ర వాళ్ళ రెండు విమానాలు అక్కడినుంచే లేచి మొట్టమొదటిసారి ఎవరెస్టు మీదుగా ఎగిరాయి. వాళ్ళ దగ్గర ఆక్సిజన్ ఉంది. అయినా ఛాయాగ్రాహకుడు బానెట్ ఆక్సిజన్ గొట్టం పైన చిట్లిపోయింది. ఆయన చేతిరుమాలు దానికి చుట్టి కట్టుకున్నాడు, ఆ తర్వాత స్పృహ తప్పి పడిపోయాడు. విమానం కిందికి దిగాక తేరుకున్నాడు. ఒక గొట్టానికి చిల్లు పడితే జరిగింది ఇది.

పైకి పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం మారదు, నూటికి 21 పాళ్ళే ఉంటుంది. తగ్గేది గాలి ఒత్తిడి. 18,000 అడుగుల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానికి సగం, ఎవరెస్టు శిఖరం దగ్గర దాదాపు మూడోవంతు. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను రక్తంలోకి నెట్టేది ఆ ఒత్తిడే.

మరి ఊపిరాడనట్టు అనిపించదా? అందరూ పొరబడేది ఇక్కడే. మనకు ఉక్కిరిబిక్కిరి అనిపించేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. పైన అది మామూలుగానే బయటికి పోతుంటుంది కాబట్టి బాధ అంతగా తెలియదు. పైగా కొందరికి హుషారుగా, అంతా బాగున్నట్టు ఉంటుంది. కరోనా రోజుల్లో ఆక్సీమీటరు అంకె బాగా పడిపోయినా మామూలుగా కబుర్లు చెప్పిన రోగుల గురించి మీరు వినే ఉంటారు. మా కంప్యూటర్ల భాషలో చెప్పాలంటే, అలారం మోగించాల్సిన సర్వరే ముందు పడిపోతుంది.

1875లో ఫ్రాన్సులో జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు పైకి వెళ్ళారు. ఆక్సిజన్ సంచులు పక్కనే ఉన్నాయి. తీసుకుందామనుకునేసరికి చెయ్యి లేవలేదని బతికి వచ్చిన టిసాండియే రాశాడు. మిగతా ఇద్దరూ చనిపోయారు.

అలవాటు లేని మనిషికి పనికొచ్చే తెలివి 18,000 అడుగుల దగ్గర 20 నుంచి 30 నిమిషాలు, 25,000 దగ్గర 3 నుంచి 5 నిమిషాలు, 30,000 దగ్గర ఒకటి రెండు నిమిషాలు ఉంటుందని వైమానిక వైద్యుల లెక్క.

మరి రైన్‌హోల్డ్ మెస్నర్ 1977లో పిలాటస్ పోర్టర్ అనే చిన్న విమానంలో మాస్కు లేకుండా ఎవరెస్టు ఎత్తుకు వెళ్ళి వచ్చాడు కదా అని కొందరు అడుగుతారు. ఆయన అప్పుడే ధవళగిరి యాత్ర నుంచి వచ్చాడు, వారాల తరబడి ఒళ్ళు ఎత్తుకు అలవాటుపడి ఉంది. పైగా విమానం నడిపింది ఆయన కాదు. సముద్రమట్టం నుంచి గంటలో పైకి లేచే మనకు ఆ అలవాటు ఎక్కడిది?

మనం ఎక్కే పెద్ద విమానాల్లో లోపలి ఒత్తిడిని సుమారు 8,000 అడుగుల ఎత్తుకు సమానంగానో, అంతకంటే మెరుగ్గానో ఉంచుతారు. సెస్నా 172 లాంటి చిన్న విమానాలకు ఆ ఏర్పాటు లేదు. అమెరికాలో మన పిల్లలు చాలామంది ఇలాంటివి నేర్చుకుంటున్నారు. అక్కడి నియమం ప్రకారం 12,500 అడుగులు దాటి 14,000 దాకా అరగంటకు మించి ఉంటే పైలట్ ఆక్సిజన్ వాడాలి. 14,000 దాటితే ఉన్నంతసేపూ వాడాలి. 15,000 దాటితే విమానంలో ఉన్న ప్రతివారికీ అందుబాటులో ఉంచాలి. ఇది చట్టం పెట్టిన హద్దు మాత్రమే. పగలు 10,000, రాత్రి 5,000 అడుగులు దాటినప్పటి నుంచే వాడటం మంచిదని అక్కడి విమానయాన శాఖ సలహా. చీకట్లో కంటిచూపు ముందుగా మందగిస్తుంది. పొగ తాగేవారికి ఇబ్బంది ఇంకా త్వరగా వస్తుంది.

కొలరాడో కొండల మీద తిప్పుతానని మీ అబ్బాయో అమ్మాయో పిలిస్తే సంతోషంగా వెళ్ళండి. ఎక్కేముందు రెండు మాటలు అడగండి: ఎంత ఎత్తుకు వెళుతున్నాం, ఆక్సిజన్ ఉందా? "నాకేం కాలేదు, బాగానే ఉన్నాను" అన్న మాటను పైన నమ్మడానికి లేదు. ఎత్తు చూపించే ముల్లునూ వేలికి పెట్టుకున్న ఆక్సీమీటరునూ చూసి నిర్ణయించుకోవాలి. అంకె బాగోలేకపోతే ముందు చేయాల్సింది ఆక్సిజన్ పెట్టుకోవడం, కొండల్ని తప్పించుకుంటూ కిందికి దిగడం. వాదన నేల మీదికి వచ్చాక పెట్టుకోవచ్చు.