ల్యాప్‌టాప్‌ బదులు ట్యాబా? మెడనూ అడగండి!

‘ల్యాప్‌టాప్‌ ఎందుకు దండగ? ట్యాబ్‌ కొంటే పోలా! తేలిగ్గా ఉంటుంది. ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు’. పిల్లలు కాలేజీలో చేరినప్పుడో, ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌ మొరాయించినప్పుడో చాలా ఇళ్లల్లో వినిపించే మాటే ఇది. ధర, బ్యాటరీ, మెమరీ.. అన్నీ బేరీజు వేస్తాం. దాంతో రోజూ గంటలకొద్దీ కుస్తీపట్టే మెడ, కళ్లు, మణికట్టు సంగతే మరచిపోతాం. తీరా ఆర్నెల్లు తిరిగేసరికి మెడ పట్టేసిందంటూ నొప్పి మందు రాసుకుంటాం. ఇంతకీ రోజువారీ పనులకు ట్యాబ్‌ సరిపోతుందా? సరిపోతుంది. కాకపోతే అందరికీ కాదు, అన్ని పనులకూ కాదు. ఎలా పెట్టుకొని వాడుతున్నామన్నదీ ముఖ్యమే.

తల బరువు తక్కువేం కాదు

పెద్దవాళ్ల తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా కూర్చున్నప్పుడు మెడ దీన్ని తేలిగ్గానే మోస్తుంది. ముందుకు వంగేకొద్దీ భారం పెరిగిపోతుంది. తలను 60 డిగ్రీల మేర వంచితే మెడ మీద దాదాపు 27 కిలోల భారం పడుతుందని అమెరికా వెన్నెముక సర్జన్‌ కెన్నెత్‌ హన్స్‌రాజ్‌ 2014లో లెక్కగట్టారు. ట్యాబ్‌తో వచ్చే చిక్కంతా ఇక్కడే. దీన్ని చాలామంది ఒళ్లోనో, దిండు మీదో పెట్టుకొని తల వంచుకొని చూస్తుంటారు. హార్వర్డ్‌ పరిశోధకులు 2012లో చేసిన అధ్యయనంలోనూ ట్యాబ్‌ ఒళ్లో ఉన్నప్పుడు మెడ బాగా వంగుతున్నట్టు తేలింది. బల్ల మీద పెట్టి, కాస్త నిటారుగా నిలబెట్టినప్పుడే మెడ సహజ స్థితికి దగ్గరగా ఉంటోంది.

అద్దం మీద టైపింగ్‌తో మరో ఇబ్బంది. మామూలు కీబోర్డు మీద వేళ్లను ఆనించి కాసేపు సేదతీరొచ్చు. టచ్‌ స్క్రీన్‌ మీద వేలు ఆనితే అక్షరం పడిపోతుంది. అందుకే వేళ్లను గాల్లోనే పట్టుకుంటాం. దీంతో ముంజేయి, భుజాల కండరాలు బిగుసుకునే ఉంటాయి. నాలుగు ముక్కల మెయిల్‌కు పర్వాలేదు గానీ నాలుగు పేజీల రిపోర్టుకు కష్టమే.

ల్యాప్‌టాప్‌ మాత్రం?

అదీ తక్కువేం తినలేదు. దీని స్క్రీన్, కీబోర్డు అతుక్కునే ఉంటాయి. స్క్రీన్‌ను పైకి లేపితే చేతులు ఎత్తాల్సి వస్తుంది. చేతులకు అనువుగా కిందికి దించితే మెడ వంగిపోతుంది. పైగా రోజూ గంటలకొద్దీ ఒళ్లో పెట్టుకుంటే ఆ వేడికి తొడల మీద చర్మం వలలాంటి మచ్చలతో కమిలిపోవచ్చు.

అందుకే స్టాండు మీద నిలబెట్టి, విడిగా కీబోర్డు జోడించుకున్న ట్యాబే ఒళ్లో పెట్టుకున్న ల్యాప్‌టాప్‌ కన్నా ఒంటికి మేలు!

ఎవరికి ఏది?

* పెద్దవాళ్లకు: వీడియో కాల్స్, పేపరు చదవటం, కరెంటు బిల్లు కట్టటం వంటి వాటికి ట్యాబ్‌ చాలు. అక్షరాలను పెద్దగా చేసుకోవచ్చు కాబట్టి చత్వారం గలవారికి హాయి. బైఫోకల్, ప్రోగ్రెసివ్‌ అద్దాలు వాడేవారు స్క్రీన్‌ను కాస్త కిందికే ఉంచుకోవాలి. లేకపోతే అద్దాల కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తాల్సి వచ్చి, మెడ వెనక నొప్పి పుడుతుంది.
* విద్యార్థులకు: పాఠాలు వినటానికి, నోట్సు రాసుకోవటానికి ట్యాబ్‌ బాగుంటుంది. ప్రాజెక్టు రిపోర్టులు, కోడింగ్‌ ఉంటే ల్యాప్‌టాప్‌ తప్పదు.
* ఇంటి నుంచి పనిచేసేవారికి: రోజంతా ఎక్సెల్, టైపింగ్‌తోనే సరిపోయేవారికి ల్యాప్‌టాపే మేలు. దానికీ విడి కీబోర్డు, మౌస్‌ ఉండాలి.
* చిన్నారులకు: 2-4 ఏళ్ల పిల్లలు స్క్రీన్‌ ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటొద్దని, ఇంకా తగ్గితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అన్నం తినిపించటానికి ట్యాబ్‌ చేతికివ్వటం మానెయ్యాలి.

కళ్లకూ విశ్రాంతి

మామూలుగా నిమిషానికి 15 సార్లకు పైగా రెప్పలు కొడతాం. స్క్రీన్‌ చూస్తున్నప్పుడు ఇది బాగా తగ్గిపోతుంది. కళ్లు పొడిబారి మండుతాయి. ట్యాబ్‌ను మరింత దగ్గరగా పట్టుకుంటాం కాబట్టి కళ్లకు శ్రమ ఎక్కువ. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకండ్లు చూడండి. ఫ్యాన్, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూసుకోండి. పడుకునే ముందు ట్యాబ్‌ పక్కన పెట్టేయండి. ఆ వెలుగు నిద్ర హార్మోన్‌ మెలటోనిన్‌ను తగ్గిస్తుంది.

ఇంట్లో ఉన్నవాటితోనే..

* ఖరీదైన స్టాండే అక్కర్లేదు. నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చినా చాలు. స్క్రీన్‌ పై అంచు కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండాలి.
* మోచేతులు ఒంటికి దగ్గరగా, పాదాలు నేలకు ఆని ఉండాలి. అందకపోతే చిన్న పీట వేసుకోండి.
* అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.
* బోర్లా పడుకొని ట్యాబ్‌ చూడొద్దు.

నొప్పి రెండు వారాలైనా తగ్గకపోయినా, చేతుల్లోకి పాకుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, పట్టు తప్పి వస్తువులు జారిపోతున్నా వెంటనే డాక్టర్‌ను సంప్రదించాలి.

కొత్తది కొనేముందు ఓ చిన్న పని చేయండి. ఒక వారం పాటు ఇంట్లో ఎవరెవరు ఎంతసేపు చూస్తున్నారు, ఎంతసేపు టైప్‌ చేస్తున్నారో కాగితం మీద రాసుకోండి. చూడటమే ఎక్కువైతే ట్యాబ్, టైపింగ్‌ ఎక్కువైతే ల్యాప్‌టాప్‌. ఏది కొన్నా స్టాండుకు, కీబోర్డుకు కాస్త డబ్బు ఉంచుకోండి. మెడనొప్పి మందులకు పెట్టే ఖర్చు కన్నా అది నయం.