తాపం తీరే కోనేరు.. కోపం చల్లారే కొండ

టెన్షన్‌ మనసులోనే ఆగదు.. ఒంట్లోకీ దిగుతుంది
గుడికీ వెళ్లొచ్చు.. మాత్ర మాత్రం మానొద్దు

తిరువళ్లూరు, తిరుత్తణి: చెన్నై సెంట్రల్‌లో అరక్కోణం వైపు ఎలక్ట్రిక్‌ రైలెక్కితే గంట, గంటంపావులో తిరువళ్లూరు వస్తుంది. అక్కడి వీరరాఘవస్వామి గుడి కోనేరు పేరు హృత్తాపనాశిని. గుండెలోని తాపాన్ని పోగొట్టేదని అర్థం. అరక్కోణం దాటి రేణిగుంట దారి పడితే తిరుత్తణి. తమిళంలో ‘తణి’ అంటే చల్లారడం, శాంతించడం. శూరపద్ముడితో యుద్ధం ముగిశాక సుబ్రహ్మణ్యస్వామి కోపం ఈ కొండ మీదే చల్లారిందని స్థలపురాణం. అందుకే స్కంద షష్ఠికి తిరుచెందూరులో శూరసంహారం జరుగుతుంటే, ఇక్కడ మాత్రం స్వామికి పుష్పాంజలి చేస్తారు. ఒక ఊరు తాపం తీరుస్తుంది. ఇంకో ఊరు కోపం దించుతుంది. మనసు బాగోకపోతే ఒళ్లూ బాగోదన్న సంగతి ఈ ఊళ్లకు పేరు పెట్టినవాళ్లకు ఏనాడో తెలిసినట్టుంది!

తిరువళ్లూరు స్వామికి వైద్య వీరరాఘవుడని పేరు. గుడి నిర్వహణ అహోబిల మఠానిది. కాబట్టి తెలుగు నేలతో అనుబంధం పాతదే. అమావాస్య వచ్చిందంటే జనం కిటకిటలాడతారు. జబ్బు కరిగిపోవాలని కోనేట్లో బెల్లం కలుపుతారు. ఉప్పు, మిరియాలు సమర్పిస్తారు. షుగరున్నవాళ్లు బెల్లాన్ని, బీపీ ఉన్నవాళ్లు ఉప్పును దేవుడికి వదిలేసి రావడం డాక్టర్లకూ నచ్చే మొక్కే. ఇంటికెళ్లాక కూడా ఆ మొక్కు గుర్తుండాలంతే.

పొద్దున రైలు.. రాత్రి మగ్గం

ఇక్కడి టెన్షన్లు పెద్ద వింతవేం కావు. తిరుత్తణి నుంచి చెన్నైకి రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లకు రానూపోనూ నాలుగు గంటలు రైల్లోనే పోతాయి. చీకటితో లేస్తే చీకటి పడ్డాకే ఇల్లు. ఇక పళ్లిపట్టు, ఆర్కే పేట, పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం వైపు ఏ వీధిలోకి వెళ్లినా మరమగ్గాల చప్పుడే. షెడ్డులో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. ఆ మగ్గాల దగ్గర తెలుగువాళ్లు చాలామందే. నూలు ధర పెరిగితే ఒక దిగులు. లుంగీల ఆర్డరు తగ్గితే ఇంకో దిగులు. 2008 తర్వాత కొన్నేళ్లు తమిళనాట కరెంటు కోతలతో మగ్గాలు గంటల తరబడి ఆగిపోయిన రోజులు ఇంకా చాలామందికి గుర్తే. మగ్గం ఆగినా చిట్టీ, వడ్డీ ఆగవు కదా.

ఇలాంటి దిగులు కొన్నాళ్లు సాగితే ఒళ్లు ఊరుకోదు. ముందు నిద్ర పోతుంది. తర్వాత మెడ పట్టేయడం, తలనొప్పి, కడుపులో మంట, గుండె దడ. మెడికల్‌ షాపుకెళ్లి ‘గ్యాస్‌ మాత్ర ఒకటివ్వండి’ అని అడిగేవాళ్లలో కొందరికి పొట్టలో ఉన్నది గ్యాస్‌ కాదు, వారం రోజుల్లో కట్టాల్సిన కిస్తీ.

పులి పోదు.. ఒళ్లు దిగదు

ఒళ్లు చేసే పనిలో తప్పేం లేదు. భయమేసినా, కోపమొచ్చినా మెదడు నుంచి కబురు వెళ్లి మూత్రపిండాల పైనుండే అడ్రినల్‌ గ్రంథులు అడ్రినలిన్‌, కార్టిసాల్‌ అనే హార్మోన్లను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, బీపీ లేస్తుంది. కాలేయం దాచుకున్న చక్కెరను నెత్తురులోకి పంపిస్తుంది. ఆ సమయానికి అక్కర్లేదు కాబట్టి జీర్ణం పని మందగిస్తుంది. పులి ఎదురైతే పరుగెత్తడానికో, తిరగబడడానికో ఈ ఏర్పాటు. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్‌ కానన్‌ 1890ల చివర్లో పిల్లులకు మేత పెట్టి ఎక్స్‌రే కింద వాటి పొట్టను చూశారు. పిల్లి బెదిరితే చాలు, పొట్ట కదలిక ఆగిపోయేది. దిగులుతో తిన్న తిండి ఒంటబట్టదని మన పెద్దవాళ్లు అనేది ఉత్త మాట కాదన్నమాట.

పులి అయితే కాసేపటికి వెళ్లిపోతుంది. అప్పు వెళ్లదు. మామూలుగా కాసేపటికి దిగాల్సిన బీపీ, చక్కెర ఇక పూర్తిగా దిగవు. ఒత్తిడి ఎలాంటిదైనా ఒళ్లు దాదాపు ఒకే తీరున స్పందిస్తుందని, అది సాగితే అవయవాలే దెబ్బతింటాయని హాన్స్‌ సెల్యే 1936లో రాశారు. ఈనాడు అందరి నోటా నానుతున్న ‘స్ట్రెస్‌’ అనే మాటను వైద్యంలో వాడుకలోకి తెచ్చిందీ ఆయనే.

లెక్కలు కూడా ఉన్నాయి. బ్రిటన్‌లో 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్‌ చుక్కలు వేసి చూసిన పరిశోధన ఒకటి 1991లో వెలువడింది. టెన్షన్‌ తక్కువున్నవాళ్లలో నూటికి 27 మందికి జలుబు చేస్తే, బాగా ఎక్కువున్నవాళ్లలో 47 మందికి చేసింది. చుక్కలు వేసింది అందరికీ, పడిశం పట్టింది మాత్రం బెంగ ఉన్నవాళ్లనే ఎక్కువ. అమెరికాలో 1995లో మరొకటి. మతిమరుపు జబ్బుతో ఉన్న సొంతవాళ్లకు ఏళ్ల తరబడి సేవ చేస్తున్న ఆడవాళ్ల చేతి మీద చిన్న గాటు పెట్టి, అది మానడానికి ఎన్నాళ్లు పడుతుందో చూశారు. సగటున 48.7 రోజులు పట్టింది. అదే వయసుండి ఆ భారం లేనివాళ్లకు 39.3 రోజులే. మంచంపట్టిన అత్తకో, అమ్మకో ఏళ్లుగా చాకిరీ చేసే ఆడవాళ్లు మన ఇళ్లలో తక్కువేం లేరు. వాళ్లకి బీపీ చూసేదెవరు?

‘ఉత్త టెన్షనే’ అనుకుంటే ముప్పే

గుండె సంగతి ఇంకా గట్టిది. భారత్‌తో సహా 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్‌ అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. దీనికి సారథి కేరళలో పుట్టిన వైద్యుడు సలీం యూసుఫ్‌. పొగతాగడం, బీపీ, షుగరు వంటి కారణాల వరసలోనే మానసిక ఒత్తిడిని కూడా ఈ అధ్యయనం చేర్చింది. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాలవాళ్లకు 59 దగ్గర పడ్డాక వస్తోందని అదే అధ్యయనం సమాచారంతో 2007లో తేల్చారు. యాభై మూడంటే కూతురి పెళ్లి, కొడుకు చదువు ఇంకా మీద ఉండే వయసు.

కాబట్టి రెండు వైపులా జాగ్రత్త కావాలి. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, చెమటలు పట్టడం.. వీటిని ‘టెన్షన్‌ వల్లే’ అని తోసేసి పడుకోవడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. ఆడవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు ఈ మాట మరీ తొందరగా అనేస్తారు. ముందు ఈసీజీ తీయించాలి, టెన్షనో కాదో తర్వాత తేల్చుకోవచ్చు. అన్ని పరీక్షలూ బాగానే ఉన్నా దడ, ఆయాసం, నిద్ర పట్టకపోవడం వారాల తరబడి వదలకపోతే అప్పుడు మనసు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడకూడదు. ‘రిపోర్టులన్నీ నార్మల్‌, నీకేం లేదు పో’ అంటే నొప్పి పోదు.

డ్యూటీ దిగగానే టాస్మాక్‌ వైపు నడిచేవాళ్ల లెక్క వేరు. తాగితే నిద్ర పట్టినట్టే ఉంటుంది. అర్ధరాత్రికి మెలకువ వస్తుంది, బీపీ పెరుగుతుంది, పర్సు ఖాళీ అవుతుంది. ఇక పొద్దునకి కొత్త టెన్షన్‌!

సంతోషం సగం బలమేనా?

సంతోషంగా ఉంటే ఆయుష్షు పెరుగుతుందని చాలామంది చెబుతుంటారు. ఇందులో కొంచెం తిరకాసుంది. బ్రిటన్‌లో ఏడు లక్షల మందికి పైగా ఆడవాళ్లను పదేళ్లపాటు గమనించిన పరిశోధన 2015లో లాన్సెట్‌ పత్రికలో వచ్చింది. ముందే ఉన్న జబ్బులు, పొగతాగడం వంటివి లెక్కలోంచి తీసేస్తే, సంతోషం ఒక్కటే ఆయుష్షును పెంచిన దాఖలా కనబడలేదు. దిగులుగా ఉండటం వల్ల జబ్బు రావడం కన్నా, జబ్బుండటం వల్ల దిగులుగా ఉండటం ఎక్కువని వాళ్లు తేల్చారు. అంచేత జబ్బుపడ్డ మనిషితో ‘నవ్వుతూ ఉండు, అదే పోతుంది’ అనడం సాయం కాదు.

మరి సాయమేది? పక్కన మనిషి ఉండటం. 148 పరిశోధనల్లోని మూడు లక్షల మందికి పైగా జనం లెక్కలను 2010లో ఒకచోట చేర్చి చూశారు. చుట్టూ బంధుమిత్రుల బలం బాగా ఉన్నవాళ్లు, లేనివాళ్లకంటే బతికి ఉండే అవకాశం సగానికి సగం ఎక్కువని తేలింది. అమెరికాలోని హార్వర్డ్‌లో 1938లో మొదలుపెట్టి దశాబ్దాల తరబడి కొనసాగించిన అధ్యయనం కూడా ఇదే చెబుతోంది. యాభై ఏళ్ల వయసులో ఇంటా బయటా మంచి సంబంధాలున్నవాళ్లే ఎనభైల్లో ఆరోగ్యంగా కనిపించారట.

ఈ లెక్కన చూస్తే తిరుత్తణి కొండకు వెళ్లొచ్చినవాళ్లకు తేలిగ్గా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఏడాదికెన్ని రోజులో అన్ని మెట్లు.. 365. డిసెంబరు 31న మెట్టు మెట్టుకీ పాడుతూ ఎక్కుతారు. పాడటమంటే ఊపిరిని మెల్లగా వదలడమే. జపం చేసేటప్పుడు, మంత్రం చదివేటప్పుడు ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా వస్తుందని, దాంతో గుండె లయ కుదుటపడుతుందని ఇటలీ వైద్యులు 2001లో గమనించారు. వాళ్లు చూసిన వాటిలో క్రైస్తవుల జపమాల ప్రార్థనా ఉంది, మంత్రమూ ఉంది. ఏ దేవుడిదని ఊపిరి అడగదు మరి.

ఆడికృత్తికకు తిరుత్తణిలో కావళ్ల వరద చూసినవాళ్లకు ఇంకో అనుమానం వస్తుంది. బుగ్గకు, వీపుకు శూలాలు గుచ్చుకుని నడిచేవాళ్లకు అది బాధా, ఊరటా? మారిషస్‌లో తైపూసం కావళ్లు మోసినవాళ్లను పరిశీలించిన బృందం 2019లో జవాబిచ్చింది. ఒంటికి శాశ్వతంగా కీడేమీ కనిపించలేదు. ఎక్కువ బాధ ఓర్చినవాళ్లలో పండగ తర్వాత మనసు ఎక్కువ కుదుటపడింది. దీర్ఘరోగాలున్నవాళ్లే ఎక్కువ శూలాలు గుచ్చుకోవడం కూడా వాళ్ల కంట పడింది. అయితే షుగరున్నవాళ్లకు గాయం తొందరగా మానదు. మోకాళ్లు అరిగినవాళ్లకు, గుండె జబ్బున్నవాళ్లకు మెట్లు అందరికీ ఉన్నట్టు ఉండవు. కొండపైకి రోడ్డుంది, బండ్లు వెళ్తాయి. స్వామి ఏమీ అనుకోడు!

చిక్కల్లా ఒక్కచోటే. మొక్కుకున్నామని బీపీ మాత్ర మానేయడం, మనసు మాత్ర వేసుకుంటే పిచ్చివాడంటారని దాచేయడం. చెన్నైలో 25 వేల మందికి పైగా జనాన్ని అడిగి 2009లో ప్రచురించిన సర్వేలో నూటికి 15 మందిలో డిప్రెషన్‌ లక్షణాలు కనిపించాయి. ఆడవాళ్లలోను, ఆదాయం తక్కువున్నవాళ్లలోను ఎక్కువ. నిమ్హాన్స్‌ 2015-16లో తమిళనాడు సహా 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో మానసిక సమస్యలున్నవాళ్లలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మంది వైద్యానికే వెళ్లడం లేదని తేలింది.

‘దిగులు’ అంటే ‘తిగిల్‌’ కాదు

ఇక్కడి తెలుగువాళ్లకు అదనంగా ఇంకో మెలిక ఉంది. 1960 ఏప్రిల్‌ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. అప్పటికి పలక పట్టినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. బజారులో తమిళం గడగడా మాట్లాడతారు. కానీ మనసులో బాధ చెప్పాల్సి వచ్చేసరికి ఇంటి మాటే వస్తుంది. కాలు నొప్పయితే వేలు పెట్టి చూపించొచ్చు. ‘మనేద’ను, ‘బెంగ’ను ఎక్కడని చూపిస్తారు?

పైగా మాటలు మోసం చేస్తాయి. తెలుగులో దిగులంటే విచారం, తమిళంలో తిగిల్‌ అంటే భయం. మనకు ‘అవసరం’ అంటే కావలసింది, వాళ్లకు అవసరం అంటే తొందర. (నిజానికి ఈ రెండూ ఒకేసారి వస్తేనే టెన్షన్‌!) చివరికి పెద్దావిడ ‘పడపడప్పు’ అని ఒక్క తమిళ ముక్క చెప్పి, దడకు మాత్ర తీసుకుని ఇంటికొస్తుంది. కొడుకు పోయినప్పటి నుంచి నిద్ర లేదన్న సంగతి డాక్టరు చెవిన పడదు. నగరి, పుత్తూరు వైపు నుంచి ఇటు ఆసుపత్రులకు వచ్చేవాళ్లదీ ఇదే అవస్థ. తోడు వెళ్లేవాళ్లు మందుల చీటీతో పాటు ఆ మాటల్ని కూడా మోసుకెళ్లాలి.

డాక్టర్లు మొదట వేసే ప్రశ్నలు రెండే. గత రెండు వారాల్లో చాలా రోజులు ఏ పని మీదా ఇష్టం లేకుండా ఉందా? దిగులుగా, ఇక ఏమీ బాగుపడదన్నట్టుగా ఉంటోందా? ఏ ఒక్కదానికి అవునన్నా వెళ్లి చూపించుకోవడం మంచిది. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్‌ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. తెలుగు, తమిళం సహా 20 భాషల్లో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే చేయాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. బాధపడుతున్న మనిషే చేయాలని కూడా లేదు. ఇంట్లోవాళ్లు చేసినా ఏం చేయాలో చెబుతారు.