గోనె మూతిలో రూకలు

నెల్లిమర్ల పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తుకొచ్చేది జూట్ మిల్లు. గోగునార పండించిన చేతులకూ, ఆ నారతో గోనె నేసిన చేతులకూ ఆదికాండం 42వ అధ్యాయాన్ని వేరే బోధకుడు వచ్చి వివరించనక్కర్లేదు. కరవు కాలంలో ధాన్యం కొనడానికి ఐగుప్తుకు వెళ్లిన యాకోబు కుమారులు తిరుగుదారిలో గాడిదకు మేత వేద్దామని ఒక గోనె విప్పారు. దాని మూతిలో తాము చెల్లించి వచ్చిన రూకలే కనబడ్డాయి. ఇంటికి చేరి చూస్తే అందరి గోనెల్లోనూ అంతే. ఎవరి మూట వారికే తిరిగొచ్చింది.

పిల్లలు, మనవలు ఆకలితో ఉన్న ఇల్లు అది. అయినా ఆ డబ్బు చూసి ఆ ఇంట్లో ఎవరూ సంతోషించలేదు, భయపడ్డారు. రెండోసారి ప్రయాణమైనప్పుడు ముసలి యాకోబు ఒక మాట చెప్పాడు. అది ఏదో పొరపాటున వచ్చి ఉంటుంది, దాన్ని తిరిగి తీసుకెళ్లండి, కొత్త ధాన్యానికి వేరే డబ్బు పట్టుకెళ్లండి అన్నాడు (ఆది 43:12). ఆ రూకలను యోసేపే కావాలని పెట్టించాడని మనకు తెలుసు, యాకోబుకు తెలియదు. ఆయనకు తెలిసిందల్లా అది తనది కాదనే. ఇంతకుముందు అన్నను, తండ్రిని మోసగించిన మనిషే ఇలా మాట్లాడాడన్నది గమనించదగిన సంగతి.

ఇప్పుడు మన గోనె సెల్‌ఫోన్. మిల్లు మూతబడినప్పుడల్లా, పొలంలో పని దొరకనప్పుడల్లా ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పిల్లలు హైదరాబాద్‌కో, చెన్నైకో, విశాఖకో పనికి వెళ్తారు. వాళ్లు పంపే డబ్బు ఒకప్పుడు మనియార్డరులో వచ్చేది. 2016లో యూపీఐ వచ్చిన తర్వాత ఒక్క నిమిషంలో అమ్మ ఖాతాలో పడుతోంది. అయితే ఒక అంకె తప్పితే, ఒక పేరు బదులు ఇంకో పేరు మీద వేలు పడితే, అంతే వేగంగా ఇంకెవరి ఖాతాలోనో పడుతుంది. అలా తప్పిపోయిన డబ్బు ఆన్‌లైన్ జూదానికి చేరితే వచ్చే తగాదాలు కుటుంబాలను, సంఘాలను కూడా చీలుస్తాయి.

ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ జపాన్‌లో ఉంది. యమగూచి రాష్ట్రంలోని అబూ అనే చిన్న పట్టణంలో 463 కుటుంబాలకు కరోనా సాయంగా తలా లక్ష యెన్‌లు ఇవ్వాల్సి ఉంది. 2022 ఏప్రిల్ 8న పొరపాటు జరిగి మొత్తం 4 కోట్ల 63 లక్షల యెన్‌లు 24 ఏళ్ల యువకుడి ఒక్కడి ఖాతాలో పడ్డాయి. అధికారులు వెంటనే అతని ఇంటికి వెళ్లి అడిగారు. మొదట సరేనన్నట్టే కనిపించి, తర్వాత ఇవ్వనన్నాడు. రోజుల వ్యవధిలోనే ఆ సొమ్మును ఆన్‌లైన్ క్యాసినోలకు డబ్బు చేరవేసే కంపెనీల ఖాతాలకు పంపేశాడు. పట్టణ పాలకులు కోర్టుకెక్కారు. చివరికి ఆ చెల్లింపు కంపెనీల నుంచే దాదాపు 4 కోట్ల 30 లక్షల యెన్‌లు రాబట్టుకున్నారు. 2023 ఫిబ్రవరిలో కోర్టు అతనికి మూడేళ్ల శిక్ష విధించి, దాని అమలును అయిదేళ్ల పాటు నిలిపింది. డబ్బు పొరపాటున వచ్చిందని తెలిసిన క్షణం నుంచి బ్యాంకుకు చెప్పాల్సిన బాధ్యత అతనిదేనని న్యాయస్థానం అన్నది. అడగడానికి ఎవరైనా వచ్చేదాకా ఆగడం కూడా తప్పేనన్నమాట.

అదే ఏప్రిల్ నెలలో మన పక్కనే తెలంగాణలోనూ ఇలాంటిది జరిగింది. దళితబంధు పథకం సొమ్ము బ్యాంకు పొరపాటు వల్ల ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉద్యోగులు 15 మంది ఖాతాల్లో తలా పది లక్షల చొప్పున పడింది. 14 మంది తిరిగి ఇచ్చేశారు. ఒకరు మాత్రం అది ప్రభుత్వం తనకు ఇచ్చిందే అనుకున్నానని చెప్పి, కొంత అప్పులకు కట్టేసుకోవడంతో వ్యవహారం పోలీసుల దాకా వెళ్లింది. పత్రికలు ఆ ఒక్కరి గురించే రాశాయి. నాకైతే ఆ 14 మంది గురించి తెలుసుకోవాలనిపిస్తుంది. వాళ్లలోనూ అప్పులున్నవాళ్లు ఉండే ఉంటారు కదా.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున చెల్లించిన డబ్బును పుచ్చుకున్నవాడు తిరిగి ఇచ్చేయాలి. దురుద్దేశంతో దాన్ని సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహితలోని 314వ సెక్షన్ కింద నేరం కూడా అవుతుంది. మోషే ధర్మశాస్త్రం ఇంకాస్త ముందుకు వెళ్తుంది. దొరికిన పరాయి సొమ్మును దొరకలేదని బొంకినవాడు అసలుతో పాటు అయిదో వంతు కలిపి సొంతదారుకు ఇవ్వాలి, ఆ తర్వాతే బలిపీఠం దగ్గరకు రావాలి (లేవీయ 6:1-6). తప్పిపోయిన ఎద్దు శత్రువుదైనా సరే, తోలుకెళ్లి అప్పగించాలి (నిర్గమ 23:4). చూడనట్టు తప్పుకుపోవడానికి వీల్లేదు (ద్వితీ 22:1-3).

అదే కాంట్రాక్టు చట్టంలో 30వ సెక్షన్ ఒకటుంది. పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిందాని కోసం దావా వేయడం కుదరదు అంటుంది అది. కాబట్టి పొరపాటున పోయిన డబ్బుకు ఒక దారి ఉంది, ఆడి ఓడిన డబ్బుకు మాత్రం ఆ దారి లేదు. సరిగ్గా ఇక్కడే మన ఇళ్లలో అబద్ధం పుడుతుంది.

ఒక ఇంటిని ఊహించుకోండి. అక్క పెళ్లికని దాచిన లక్షన్నర తమ్ముడి ఖాతాలో ఉంది. రాత్రుళ్లు ఫోన్‌లో ఆడిన ఆటలో అది పోయింది. పొద్దున నాన్న అడిగితే ఏం చెప్తాడు? “నంబరు తప్పు కొట్టాను నాన్నా, పొరపాటున ఎవరికో వెళ్లిపోయింది” అంటాడు. తల్లి ఏడుస్తుంది, మేనమామ బ్యాంకుకు పరుగెడతాడు, సంఘంలో ప్రార్థన విన్నపం పెడతారు. వారం తర్వాత బ్యాంకువారు వివరాలు తీస్తే అది ఒకసారి వెళ్లిన డబ్బు కాదు, నలభైసార్లు కొంచెం కొంచెంగా వెళ్లిన డబ్బు అని తేలుతుంది. నలభైసార్లు ఎవరి వేలూ పొరపాటున జారదు. అప్పటికి డబ్బుతో పాటు ఇంకా పెద్దదే పోయి ఉంటుంది. ఆ తర్వాత ఆ అబ్బాయి నిజంగా పొరపాటు చేసిన రోజున కూడా ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఇలా దాచిపెట్టడానికి భయం ఒక కారణం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. ఆడినవారికి కూడా ఆరు నెలల దాకా జైలు అని అప్పట్లో ప్రకటించారు. 132 సైట్లు, యాప్‌లను ఆపివేయాలని అప్పటి ముఖ్యమంత్రి ఆ ఏడాదే కేంద్రానికి లేఖ రాశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టింది. బ్యాంకులు ఆ చెల్లింపులు చేయకూడదంది. అయితే కేంద్ర చట్టంలో ఆడినవారికి శిక్ష లేదు, వారిని బాధితులుగానే చూసింది. ఈ సంగతి తెలిస్తే నోరు విప్పే పిల్లలు కొందరైనా ఉంటారు.

ఇక నిజమైన పొరపాట్ల సంగతి. నిషేధం ఉన్నచోట జూదం సైట్లు తమ పేరుతో డబ్బు పుచ్చుకోవు. కమీషన్ ఆశ చూపి అద్దెకు తీసుకున్న మామూలు మనుషుల ఖాతాలను వాడతాయి, వాటిని తరచూ మారుస్తుంటాయి. ఒకసారి ఆడినవాడి ఫోన్‌లో ఆ పేర్లు పాత చెల్లింపుల జాబితాలో ఉండిపోతాయి. అదే ఫోన్‌లో తర్వాత తల్లి ఫీజు కట్టబోయి, అదే పేరున్న మరో మనిషిని నొక్కితే డబ్బు అక్కడ పడుతుంది. ఖాతాదారుడి అసలు పేరును, బ్యాంకులో ఉన్నది ఉన్నట్టు, చెల్లించే ముందే చూపాలని 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లకు నిబంధన వచ్చింది. ఆ పేరు చదవకుండా పిన్ కొట్టేవారిని ఏ నిబంధనా కాపాడలేదు.

పొరపాటు జరిగితే ఆలస్యం చేయకండి. ఆ చెల్లింపుకు వచ్చిన 12 అంకెల నంబరు రాసుకుని, యాప్‌లోనూ, బ్యాంకులోనూ ఫిర్యాదు ఇవ్వండి. అవతలివారి సమ్మతి లేకుండా బ్యాంకు తనంత తానుగా ఆ డబ్బు వెనక్కి లాగదు, వారిని అడుగుతుంది. నెల రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, దానికి రుసుము లేదు. ఎవరైనా మోసం చేసి లాక్కుంటే 1930కి ఫోన్ చేయాలి. ఆడి ఓడిపోయి మాత్రం 1930కి ఫోన్ చేసి మోసపోయానని చెప్పకండి. ఆ ఫిర్యాదు వల్ల ఎక్కడో ఒకరి ఖాతా స్తంభించిపోతుంది. అందులో వారి జీతమో, పిల్లల ఫీజో ఉండొచ్చు. అబద్ధ సాక్ష్యం అనగానే కోర్టు బోనే గుర్తొస్తుంది మనకు. అది ఫోన్‌లోనూ చెప్పొచ్చు.

మరి అసలు సొంతదారు డబ్బును వేరొకరు తీసుకెళ్లి జూదంలో పోస్తే? లండన్‌లో ఒక న్యాయవాది తన సంస్థ ఖాతాలోంచి డబ్బు తీసి ప్లేబాయ్ క్లబ్బులో ఆడి పోగొట్టాడు. ఆ సంస్థ క్లబ్బు మీద దావా వేస్తే, 1991లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ సుమారు లక్షా యాభై వేల పౌండ్లు తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పింది. తమకు తెలియక పుచ్చుకున్నా సరే, ఆ డబ్బుకు బదులుగా క్లబ్బు విలువైనదేదీ ఇవ్వలేదన్నది వారు చూపిన కారణం. జూదశాల నడిపేవారు ఏమి అమ్ముతారో ఇంత తేటగా చెప్పిన తీర్పు నేనింకోటి చదవలేదు.

సంఘాలకూ ఇది దూరపు విషయం కాదు. చాలా చోట్ల కానుకల పెట్టె పక్కనే క్యూఆర్ కోడ్ అతికించారు. అది కోశాధికారి సొంత ఖాతాది అయితే, ఆ ఇంట్లో ఫోన్ పట్టుకునే ప్రతి ఒక్కరి చేతిలోనూ దేవుని సొమ్ము ఉన్నట్టే. సంఘం పేరున ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు పెట్టించుకోవడం అనుమానం కాదు. యెరూషలేముకు చందా మోసుకెళ్లేటప్పుడు పౌలు కూడా సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి తోడు ఉంచుకున్నాడు (2 కొరింథీ 8:18-21). ఆటలో గెలిచానని కృతజ్ఞతార్పణ తెచ్చేవారు కూడా ఉంటారు. యూదా విసిరేసిన ముప్పై వెండి నాణేలను కానుకల పెట్టెలో వేయడానికి ప్రధాన యాజకులు సైతం వెనుకాడారు (మత్తయి 27:6). అంతటివారికే తోచిన సంగతి మన పెద్దలకు తోచకపోతే ఎలా?

తగాదా విశ్వాసుల మధ్య వస్తే పెద్దలే కూర్చుని తీర్చాలని పౌలు కోరాడు (1 కొరింథీ 6:1-7). నేరాన్ని కప్పిపెట్టమని ఆయన అనలేదు. ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించండి, తర్వాతే సాక్ష్యాలు వినండి. డబ్బు పొరపాటున పోయిందా, ఆటలో పోయిందా తేల్చండి. ఆటలో పోయిందని తేలితే అబ్బాయిని సభలో నిలబెట్టి సిగ్గుపరచనక్కర్లేదు. జక్కయ్య ఎవరూ అడగకముందే తానే లెక్క చెప్పాడు, నాలుగింతలు అన్నాడు (లూకా 19:8). మన అబ్బాయి నాలుగింతలు తేలేకపోవచ్చు. అక్క పెళ్లి డబ్బుకు నెలకు ఎంత కడతాడో, ఏ తారీఖున కడతాడో కాగితం మీద రాయించి, నాన్న దగ్గర ఒక ప్రతి, పెద్దల దగ్గర ఒక ప్రతి ఉంచండి. అమ్మ తాకట్టు పెట్టిన గాజులుంటే మొదటి జీతంలోంచి వాటి వడ్డీ కట్టించండి.