చిరువ్యాపారి ప్రచార వ్యయం

వస్తువును తయారుచేయడం ఒక విద్య అయితే, అది ఉన్నదని నలుగురికీ తెలియజేయడం మరొక విద్య. పూర్వం గ్రామాలలో డప్పు కొట్టి చాటింపు వేసేవారు. తరువాత గోడల మీద రాతలు వచ్చాయి. సినిమాహాలులో విరామ సమయాన చూపే స్లయిడు, వీధి వీధీ తిరిగే ఆటోకు కట్టిన మైకు, దినపత్రిక మడతలో పెట్టి పంచే కరపత్రం - ఇవన్నీ మన పట్టణాలలోని చిన్న దుకాణదారులు ఎరిగిన సాధనాలే. ఎంత ఖర్చయినదీ వ్యాపారికి ఆనాడే తెలిసేది. పెయింటరుకు ఇంత, మైకు ఆటోకు ఇంత అని చిట్టాలో రాసుకొనేవాడు.

సామాజిక మాధ్యమాల విషయం అలా కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, యూట్యూబ్ వంటివాటిలో ఖాతా తెరవడానికి పైకం చెల్లించనక్కరలేదు. అందువల్ల ఈ ప్రచారం ఉచితమనే అభిప్రాయం చిరువ్యాపారులలో నాటుకొన్నది. అది ఎంతవరకు నిజమో లెక్కవేసి చూడడం వాణిజ్యశాస్త్ర విద్యార్థులకే గాక, ఇంటిలో చిన్న అంగడి ఉన్న ప్రతివారికీ అవసరం.

వ్యాపార సంస్థలు తమ పేరుతో పేజీలు తెరుచుకొనే సౌకర్యాన్ని ఫేస్‌బుక్ 2007లో కల్పించింది. ఆ తొలిరోజులలో పేజీని అనుసరించేవారిలో చాలామందికి వ్యాపారి పెట్టిన సమాచారం చేరేది. కాలక్రమేణా పేజీలు లక్షల సంఖ్యలో పెరిగాయి. ఒక మనిషి రోజు మొత్తంలో చదవగలిగినదానికంటే అతనికి చూపవలసినది ఎక్కువైంది. అప్పుడు ఏది ముందు చూపాలో, ఏది వెనుకకు నెట్టాలో సంస్థయే నిర్ణయించసాగింది. స్నేహితులు, కుటుంబసభ్యులు పెట్టే విషయాలకే ప్రాధాన్యమిస్తామని 2018 జనవరిలో ఆ సంస్థ ప్రకటించింది. వెయ్యిమంది అనుచరులున్న దుకాణదారు మాట కూడా ఆ వెయ్యిమందికీ చేరుతుందన్న హామీ లేదు. చేరాలంటే సొమ్ము చెల్లించి ప్రకటనగా మార్చుకోవాలి. అద్దె లేదని చెప్పి ఇల్లు ఇచ్చి, సామాను సర్దుకొన్నాక అద్దె అడిగినట్లున్నది ఈ వ్యవహారం.

ఆ ప్రకటనకు నిర్ణీతమైన ధర ఉండదు. చూపే స్థలానికి ప్రతి క్షణమూ వేలంపాట జరుగుతుంది. అయితే ఇది కేవలం ఎక్కువ పాడినవానికే దక్కే వేలం కాదు. వ్యాపారి పాడిన మొత్తంతోపాటు, చూసినవారు ఆ ప్రకటనకు స్పందించే అవకాశమెంత, ప్రకటన నాణ్యత ఎంత అనేవి కూడా గణనలోనికి వస్తాయి. కనుక చక్కని చిత్రం, సూటియైన మాట ఉన్న చిన్న వ్యాపారికి కొంత మేలు కలుగుతుంది. కాని దసరా, దీపావళి దినాలలో పెద్ద పెద్ద సంస్థలన్నీ అదే వేలంలో నిలబడతాయి. సహజంగా ధర పెరుగుతుంది. అమ్మకాలు బాగా సాగవలసిన వేళకే చిరువ్యాపారికి ప్రచారం ప్రియమవుతుంది.

దీనిపై 18 శాతం వస్తుసేవల పన్ను ఉన్నది. ఆ పన్నుకింద నమోదై, మామూలు పద్ధతిలో లెక్కలు చూపే వ్యాపారి దీనిని తాను కట్టవలసిన పన్నులోనుంచి తగ్గించుకోవచ్చును. నమోదు కాని చిన్నవానికి, కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవానికి ఆ వెసులుబాటు లేదు. అంటే ఒకే ప్రకటనకు పెద్ద వ్యాపారికంటే చిన్న వ్యాపారియే అధికంగా చెల్లిస్తున్నాడన్నమాట!

ఇక అసలైన ఖర్చు కాలం. ఒక చీరల దుకాణదారు ఫోటోలు తీయడానికి, వివరాలు రాయడానికి, "ధర ఎంత?" అని అడిగిన ప్రతివారికీ జవాబివ్వడానికి రోజుకు రెండు గంటలు వెచ్చిస్తాడనుకొందాం. నెలకు అరవై గంటలు. గంటకు 100 రూపాయల చొప్పున విలువ కట్టినా 6,000 రూపాయలు. ప్రకటనలకు 5,000, దానిపై పన్ను 900. మొత్తం 11,900 రూపాయలు. చీరకు 400 రూపాయల లాభం మిగిలే దుకాణంలో ఈ ఖర్చు రాబట్టుకోవడానికే 30 చీరలు అమ్మవలసి ఉంటుంది. అదీ మామూలుగా అమ్ముడయ్యేవి కాక, అదనంగా. ఎప్పుడూ వచ్చే పాత ఖాతాదారు ఫోటో చూసి కొన్నంత మాత్రాన అది ప్రచార ఫలితమని రాసుకోరాదు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

ఈ శ్రమ పడలేక కొందరు నిర్వహణను ఇతరులకు అప్పగిస్తారు. నెలకు ఇన్ని చిత్రాలు, ఇన్ని వీడియోలు అని మాట్లాడుకొని రుసుము తీసుకొనేవారు ఇప్పుడు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ఆ రుసుములో ప్రకటనలకు కట్టే సొమ్ము కలిసి ఉన్నదో లేదో ముందే తేల్చుకోవాలి. తరచుగా అది వేరు. వేలకొద్దీ అనుచరులను తెచ్చిపెడతామనే మాటను నమ్మరాదు. కొనితెచ్చిన అనుచరులు చీర కొనరు.

చేనేతవారి పరిస్థితి మరింత క్లిష్టమైనది. యాదాద్రి భువనగిరి జిల్లాలోని పోచంపల్లి ఇక్కత్ వస్త్రాలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. నూలును ముందే కట్టుకట్టి, రంగులద్ది, ఆపై మగ్గం మీద నేయడం ఆ కళలోని విశేషం. అదే డిజైనును యంత్రంపై అచ్చువేసిన గుడ్డ చాలా చవుక. సెల్‌ఫోను తెరపై రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి! గుడ్డను తిరగవేసి చూస్తే నేసినదానికి రెండు వైపులా రంగు సమానంగా ఉంటుంది, అచ్చుదానికి వెనుక వెలవెలబోతుంది. ఈ తేడాను తెరపై చూపడానికి నేతకారుడు మగ్గం దిగి వీడియో తీయాలి. తీసినంతసేపు మగ్గం ఆగుతుంది. పోనీ ఆ వీడియో అదృష్టవశాత్తు లక్షమందికి చేరి వందలకొద్దీ గిరాకీ వచ్చిందనుకొందాం. మగ్గం వేగం పెరగదు కదా! జాప్యమైతే అదే మాధ్యమంలో నింద వస్తుంది. ప్రచారపు పరిమాణం ఉత్పత్తి శక్తికి తగినట్లుండాలన్న సూత్రం ఇతర వ్యాపారాలకంటే ఇక్కడ గట్టిగా వర్తిస్తుంది.

పరుల స్థలంలో అంగడి పెట్టినందువల్ల కలిగే ముప్పు మరొకటి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించగా, దానిపైనే ఆధారపడినవారు ఒక్కరోజులో తమ వీక్షకులను పోగొట్టుకొన్నారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి సుమారు ఆరు గంటలు నిలిచిపోయాయి. కొనుగోలుదారుల ఫోను నంబర్లు విడిగా ఒక పుస్తకంలో ఉన్న వ్యాపారికి అలాంటివేళ ఇక్కట్లు తక్కువ.

ఇంతమాత్రాన సామాజిక మాధ్యమాలు వ్యర్థమని కాదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో సరుకుల పట్టికను పైకం లేకుండానే పెట్టుకోవచ్చును. గూగుల్ పటంలో దుకాణం పేరు, వేళలు నమోదు చేయడానికీ రుసుము లేదు. దారి వెతుక్కొంటూ వచ్చేవాడు కొనదలచుకొన్నవాడే కాబట్టి దీని ఫలితం ఎక్కువ. ఏది పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి పెద్ద పరిజ్ఞానం కూడా అక్కరలేదు. కొత్తగా వచ్చిన ప్రతివారినీ "మా దుకాణం సంగతి మీకెలా తెలిసింది?" అని అడిగి, ఆ జవాబును బిల్లు పుస్తకం అంచున రాసుకొంటే చాలు. నెలాఖరున ఆ అంచులు లెక్కపెడితే వచ్చే నెల ప్రకటనకు ఎంత పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో తేలుతుంది.