మట్టి గోడలకు వాన గండం.. సిమెంట్ పూత వేస్తే సరిపోతుందా? అసలు చేయాల్సింది ఇదే!

ఉత్తరాంధ్రలో తుపాను అనగానే అందరి చూపూ గాలి, సముద్రం వైపే. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మట్టి గోడల ఇళ్లలో ఉండేవాళ్లకు గాలి తగ్గాక కూడా ముప్పు తప్పదు. రోజుల తరబడి నానిన గోడ వాన తెరిపిచ్చాక కూడా ఒక్కసారిగా కూలొచ్చు.

2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస సమీపంలో, 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. రెండూ వానాకాలం చివర్లోనే వచ్చాయి. అంటే గోడలు అప్పటికే తడిసి ఉండే టైమ్ అన్నమాట.

గోడ ఎందుకు కూలుతుంది?

మట్టి గోడను పట్టి ఉంచేది అందులోని బంకమట్టే. ఎండితే గట్టిగా ఉంటుంది, తడిస్తే మెత్తబడిపోతుంది. కప్పు నుంచి కారే నీళ్లు, చూరు కింద నేలపై పడి చిమ్మే నీళ్లు, నేలలోంచి పైకెక్కే చెమ్మ.. ఇలా మూడు దారుల్లో గోడకు తడి చేరుతుంది. ఎక్కువ దెబ్బ తినేది అడుగు భాగమే. పైన గోడ బాగానే కనిపిస్తుంది, కింద మాత్రం మట్టి రాలి సన్నబడుతుంది.

చుట్టిళ్లు చెప్పే కిటుకు

ఉత్తరాంధ్ర తీరంలోని పాత చుట్టిళ్లలో దీనికి జవాబు ఉంది. గోడ గుండ్రంగా ఉండటంతో గాలి తాకిడి తక్కువ. తాటాకు కప్పు బాగా కిందికి దిగి ఉండటంతో వాన జల్లు గోడను పెద్దగా తాకదు.

సిమెంట్ పూస్తే?

చాలామంది చేసే పని ఇదే. కానీ సిమెంట్ పూత మట్టికి సరిగా అతుక్కోదు. పగుళ్లలోంచి లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి ఆరిపోవు. పైకి గట్టిగా కనిపించినా లోపల గోడ నానుతూనే ఉంటుంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో రాంచోస్ డి తావోస్‌లోని పాత మట్టి ఇటుకల చర్చికి 1967లో సిమెంట్ పూత వేశారు. లోపల తడి చేరి గోడలు దెబ్బతినడంతో 1979లో దాన్ని తీసేసి మళ్లీ మట్టే పూశారు.

మరి ఏం చేయాలి?

• చూరు గోడ నుంచి అడుగున్నర, రెండడుగులు బయటికి ఉండాలి. గాలికి లేచిపోకుండా కప్పును గట్టిగా కట్టాలి.

• గోడ చుట్టూ నేల బయటికి వాలుగా ఉండాలి. నీళ్లు నిలవకుండా చిన్న కాలువ తీయాలి. కొత్తగా కట్టేవాళ్లు అడుగున రాతి కట్టు ఎత్తుగా వేయాలి.

• మట్టి, తరిగిన వరిగడ్డి, పేడ కలిపిన పూత ఏటా వానలకు ముందే వేసి, బాగా ఎండనివ్వాలి.

• రూర్కీలోని సీబీఆర్ఐ తారు, కిరోసిన్, కొద్దిగా మైనం కలిపిన ద్రావణాన్ని గడ్డి మట్టిలో కలిపి బయటి గోడకు పూసే పద్ధతిని రూపొందించింది. ఈ పూత వానకు త్వరగా కోసుకుపోదు. వేడి తారు, కిరోసిన్‌తో మంటలు అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి తెలిసిన మేస్త్రీతోనే చేయించాలి.

ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే బయటికి!

గోడ ఉబ్బినా, ఒరిగినా, కొత్త పగులు వచ్చినా, అడుగున మట్టి పెళ్లలుగా రాలినా, తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా ఆ ఇంట్లో ఉండొద్దు. పిల్లలను, పెద్దవాళ్లను ముందు బయటికి తీసుకురావాలి. వాన ఆగింది కదా అని వెంటనే లోపలికి వెళ్లొద్దు. గోడ ఆరి, తెలిసిన మేస్త్రీ చూసి సరే అన్నాకే వెళ్లాలి. అత్యవసరమైతే 112కు కాల్ చేయాలి.