రౌటర్‌లో కార్డు మార్చాలా? చెయ్యి పెట్టేముందు ఇవి చూసుకోండి

కడప, రాయచోటి వైపు చాలా ఇళ్లలో ఇప్పుడు ఒక మాట వినిపిస్తుంటుంది: "మావాడు కువైట్‌లో నెట్‌వర్కింగ్ చేస్తున్నాడు." ఆ పనేంటి అని అడిగితే మాత్రం, "ఏదో కంప్యూటర్లది" అని ఊరుకుంటారు. మా ఖాలా కొడుకుదీ అదే పని. రాత్రి ఒంటిగంటకు డ్యూటీ అని వాడు చెప్తే ఖాలా చాన్నాళ్లు నమ్మలేదు. "ఆఫీసు మూసేశాక అక్కడ నీకేం పనిరా?" అని ఫోన్లోనే నిలదీసేది. నిజానికి ఆఫీసు మూస్తేనే వాడి పని మొదలయ్యేది. రౌటర్‌లో పాడైన ముక్క తీసి కొత్తది పెట్టాలంటే లైను ఆపాలి. పగలు ఆపితే అందరి పనీ ఆగిపోతుంది.

మొన్న సెలవుకొచ్చినప్పుడు వాడిని కూర్చోబెట్టి ఈ పనంతా చెప్పించుకున్నాను. నేను చదివింది బీకాం, నాకు అర్థమైందంటే మీకూ అవుతుంది. ఇప్పుడు సీసీఎన్ఏ కోచింగుల్లో ఉన్న మన పిల్లలకైతే ఇంకా పనికొస్తుంది.

మన ఇంట్లో ఉండే రౌటర్ మూసేసిన డబ్బా. పెద్ద ఆఫీసుల్లో వాడేది అలా ఉండదు. వెనకాల సొరుగుల్లాంటి స్లాట్లుంటాయి. ఫోను లైనుకు ఒక కార్డు, ఫైబర్‌కు ఒక చిన్న ముక్క, ఇలా ఏది కావాలంటే అది దూర్చుకోవచ్చు. ఈ ముక్కల్నే మాడ్యూల్ అంటారు. ఒకటి పాడైతే రౌటర్ మొత్తం పారేయక్కర్లేదు.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఒకటే: కరెంటు ఉండగా తీయొచ్చా, తీయకూడదా? దీనికి అన్నిటికీ ఒకే జవాబు లేదు. సిస్కో 1900, 2900 సిరీస్ రౌటర్లలో వెనక దూర్చే చిన్న ఇంటర్‌ఫేస్ కార్డులుంటాయి. కరెంటు పూర్తిగా తీసేశాకే వాటిని ముట్టుకోవాలి. ఫైబర్ తగిలించే వేలెడంత ఎస్ఎఫ్‌పీ మాడ్యూల్‌ను మాత్రం రౌటర్ నడుస్తుండగానే మార్చొచ్చు. పెద్ద రౌటర్లలో కొన్ని కార్డులకు ముందు కమాండ్ ఇచ్చి ఆపి, ఆ తర్వాత లాగాలి. మోడల్ నంబరు చూసి కంపెనీ మాన్యువల్ తెరవడం నామోషీ ఏం కాదు, అనుభవమున్నవాళ్లూ అదే చేస్తారు.

ఈ తేడా ఎందుకంటే, ఎస్ఎఫ్‌పీ లోపలి బంగారు పూత కాంటాక్టులన్నీ ఒకే పొడవు ఉండవు. లోపలికి తోస్తుంటే ముందు ఎర్త్ తగులుతుంది, తర్వాత కరెంటు, ఆఖర్న డేటా. ఈ వరుస లేని కార్డును కరెంటు మీద దూరిస్తే ఎర్త్ అందకముందే తగలకూడని చోట వోల్టేజీ తగలొచ్చు. దాంతో కార్డు పోవచ్చు, ఒక్కోసారి రౌటర్ బోర్డే పోవచ్చు.

కరెంటు ఆపేముందు ఇంకో పనుంది. మావాడు దెబ్బ తిన్నది అక్కడే. రౌటర్‌కు మనమిచ్చిన సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయి. ఇప్పుడు నడుస్తున్నవి మెమరీలో ఉంటాయి, కరెంటు పోతే అవీ పోతాయి. సేవ్ చేసినవి వేరేచోట భద్రంగా ఉంటాయి. కొట్లో లెక్కలు రాసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చీటీ మీద రాసుకున్న అప్పును సాయంత్రం ఖాతా పుస్తకంలోకి ఎక్కించకపోతే, చీటీ పోయిన రోజు ఆ అప్పూ పోయినట్టే. సిస్కోలో ఆ ఎక్కించే కమాండే 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్'.

చేరిన కొత్తలో మావాడు ఒక ఆఫీసులో ఈ కమాండ్ ఇవ్వకుండానే స్విచ్ ఆపాడు. అంతకుముందు పనిచేసినాయన చేసిన మార్పులేవీ సేవ్ కాలేదని వాడికి తెలీదు. కార్డు చక్కగానే మార్చాడు. రౌటర్ లేచింది గానీ ఫోన్లు లేవలేదు. ఏ మార్పులు పోయాయో తెలియక తెల్లారేదాకా కూర్చుని ఒక్కొక్కటీ వెతికి రాశాడు. ఉద్యోగం ఉంటుందో లేదో అనుకుంటూ గడిపిన ఆ రాత్రి సంగతి ఖాలాకు ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడు సేవ్ చేశాక కూడా ఇంకో కాపీ తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటాడు. ఏ కేబుల్ ఎక్కడుందో ఫోన్లో ఫొటోలు తీస్తాడు.

తర్వాత స్విచ్ ఆపి, పవర్ కార్డు కూడా లాగేయాలి. కొన్ని రౌటర్లకు రెండు పవర్ సప్లైలుంటాయి. ఒకటి లాగి ఆగిపోయిందనుకుంటే అది రెండోదాని మీద నడుస్తూనే ఉంటుంది. కార్డుకు పాత ఫోను లైను తగిలించి ఉంటే దాన్నీ ముందే తీసేయాలి. రింగ్ వచ్చేటప్పుడు ఆ తీగలో షాక్ కొట్టేంత వోల్టేజీ ఉంటుంది. చేతికున్న వాచీ, రాయి ఉంగరం, కడియం జేబులో పెట్టుకోండి. లోహం రెండు చోట్ల తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కనిపించని శత్రువు ఇంకోటుంది, స్టాటిక్. తివాచీ మీద నడిచొచ్చి తలుపు గొళ్లెం పట్టుకుంటే చురుక్కుమంటుంది చూడండి, అదే. మన వేలికి అది తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి. కొన్ని చిప్పులు పాడవడానికి 100 వోల్టులు కూడా అక్కర్లేదు. అంటే మనకు ఏమీ తెలియకుండానే కొత్త కార్డును పాడుచేయగలం. అది అప్పటికప్పుడే పోతుందనీ లేదు, నెల తర్వాత మొరాయించొచ్చు, అప్పుడు కారణం ఎవరికీ అంతుబట్టదు. అందుకే చేతికి ఎర్త్ పట్టీ కట్టుకుని, రెండో కొసను రౌటర్‌కు రంగు వేయని లోహపు భాగానికి తగిలిస్తారు. పవర్ కార్డు తీశాక దానితోపాటు ఎర్త్ కూడా పోతుంది కాబట్టి, రౌటర్‌కు విడిగా ఎర్త్ వైరు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే పట్టీని ర్యాక్ ఎర్త్‌కు తగిలించాలి.

కార్డు తీయడం, పెట్టడం నిజానికి రెండు నిమిషాల పని. రెండు స్క్రూలు వదులుచేసి తిన్నగా లాగాలి. అంచులు పట్టుకోవాలి, పచ్చ బోర్డును ముట్టకూడదు. తీసినదాన్ని యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టాలి. కొత్తదాన్ని పట్టాల మీద జరుపుతూ తోయాలి, అడ్డం తగిలితే బలం చూపించకుండా వెనక్కి తీసి మళ్లీ చూడాలి. స్లాటు ఖాళీగా ఉంచుతున్నట్టయితే రేకు మూత బిగించాలి. అది అందం కోసం కాదు. తెరిచి వదిలేస్తే ఫ్యాను గాలి దారి తప్పి, చల్లబడాల్సినవి చల్లబడవు.

ఎస్ఎఫ్‌పీ విషయంలో భయం కరెంటుది కాదు, కంటిది. అందులోంచి వచ్చేది లేజర్. ఎక్కువగా 850, 1310, 1550 నానోమీటర్ల కాంతి వాడతారు, మామూలుగా అది మన కంటికి కనిపించదు. మామూలు మాడ్యూళ్లలో దాని శక్తి తక్కువే, కానీ చేతిలో ఉన్న ఫైబర్ అవతలి కొసకు ఏముందో మనకు తెలీదు. కాబట్టి "వెలుగు వస్తోందా?" అని కొసలోకి తొంగిచూసే అలవాటు వద్దేవద్దు. చూడాల్సింది పవర్ మీటరుతో.

ముందు ఫైబర్ తీసి దానికీ, మాడ్యూల్‌కూ మూతలు పెట్టాలి, ఆ తర్వాత గొళ్లెం దించి లాగాలి. కేబుల్ పట్టుకుని మాడ్యూల్‌ను లాగకూడదు. కొత్తది అన్నివిధాలా పాతదానికి జోడు కావాలి. ఒకే ఫైబర్ మీద రెండువైపులా నడిచే రకమైతే, ఒక కొసన 1310 పంపేది ఉంటే రెండో కొసన 1310 అందుకునేది ఉండాలి. రెండూ ఒకే రకం కొంటే లైను లేవదు. 80 కిలోమీటర్ల మాడ్యూల్ గొప్పదని తెచ్చి పక్కగదిలోని లైనుకు పెడితే, ఆ వెలుగు ధాటికి అవతలిది పాడయ్యే ప్రమాదముంది. ఆకుపచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీలు వాలుగా ఉంటుంది, నీలం దానికి ఉండదు. వాటిని కలిపి తగిలించకూడదు. తగిలించేముందు కొస తుడవడానికి దానికని వచ్చే క్లీనర్ వాడండి, చొక్కా అంచు కాదు.

పవర్ ఇచ్చాక రౌటర్ లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారుపడి మళ్లీ ఆపొద్దు. 'షో ఇన్వెంటరీ' అని కొడితే కొత్త కార్డు జాబితాలో కనబడాలి. మావాడి పద్ధతి ఇంకోటి నాకు నచ్చింది. ఒంటిగంట నుంచి మూడు దాకా టైమిస్తే, రెండుంబావుకల్లా లేవకపోతే కొత్తది తీసి పాతది పెట్టేస్తాడు. పాతది సగమైనా పనిచేస్తుంటేనే ఇది కుదురుతుంది. పంతానికి పోతే మాత్రం పొద్దున ఆఫీసు తెరిచేవేళకు అసలుకే ఎసరొస్తుంది.

ఇక ఇంట్లో ఫైబర్ డబ్బా సంగతి. దాన్ని విప్పకండి. ఎర్ర లైటు వెలిగితే చాలాసార్లు తప్పు డబ్బాది కాదు, బయట వైరుది. పక్కింటివాళ్ల డబ్బా తెచ్చి పెడితే మామూలుగా పనిచేయదు, ప్రతి డబ్బా సీరియల్ నంబరూ కంపెనీ దగ్గర నమోదై ఉంటుంది. మీరు మార్చగలిగింది అడాప్టరే. దాని మీద రాసున్న వోల్టులు పాతదానితో సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండొచ్చు, తక్కువ మాత్రం ఉండకూడదు. పిన్ను సైజు, దాని ప్లస్ మైనస్ గుర్తు కూడా చూసుకుని కొనండి.